గుడ్డునాళం బయటికొచ్చిన కోడికి ఏం చేయాలి

లేయర్ (గుడ్లు పెట్టే) కోడికి గుడ్డునాళం, అంటే గుడ్డు బయటికొచ్చే గొట్టం, జారి బయటికొస్తే ముందు దాన్ని గుంపులోంచి తీసేయాలి. ఎర్రగా కనబడే ఆ కండను మిగతా కోళ్లు పొడిచి, పేగులు సైతం లాగేస్తాయి. చాలా కోళ్లు చచ్చేది జారడం వల్ల కాదు, ఈ పొడుపుల వల్లే.

లీటరు గోరువెచ్చని నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి, కండకు అంటిన రెట్టను మెల్లగా కడగండి. రుద్దొద్దు. లోపల గుడ్డు ఇరుక్కుందేమో తడిమి చూడండి. ఉంటే అది బయటికి వచ్చేదాకా నాళం నిలవదు. వాపు ఎక్కువైతే పంచదార అద్ది పది నిమిషాలు ఆగండి, నీరు లాగేస్తుంది. తర్వాత కడిగి, గ్లౌజు వేలికి నీటి ఆధారిత జారుడు జెల్ (లూబ్రికెంట్) రాసి, సమంగా ఒత్తుతూ లోపలికి పంపి, కాసేపు అలాగే పట్టుకోండి.

లోపలికి వెళ్లింది కదా అని వెంటనే గుంపులో వదిలితే మర్నాడు గుడ్డు పెట్టేటప్పుడు మళ్లీ జారుతుంది. అందుకే కొన్నాళ్లు విడిగా ఉంచి, వెలుతురు రోజుకు 8 గంటలకు తగ్గించి గుడ్లు ఆపించాలి. పదేపదే జారితే కుట్టు వేయడం పశువైద్యుడి పని. కండ నల్లబడినా, చిరిగినా కోడిని బాధపెట్టకుండా చంపేయడమే మేలు.

మందలో వరసగా కనబడుతుంటే పెట్టలకు తగిన బరువు రాకముందే వెలుతురు పెంచారా, కొవ్వు పట్టిందా, మేతలో కాల్షియం 3.5–4 శాతం ఉందా చూడండి.