కరువులో వాడిన పైన్‌కు ఎరువు ఎప్పుడు?

వాన పడగానే వాడిన పైన్ మొదట్లో గుప్పెడు యూరియా చల్లడం చాలామంది చేసే పని. పీల్చుకునే వేర్లే చచ్చి ఉంటే ఆ ఎరువు ఎవరికి?

పోషకాలు వేరు దగ్గరికి నీటితోనే రావాలి. నత్రజని రూపమైన నైట్రేటు నీటి వెంట పారి వస్తుంది. భాస్వరం మాత్రం మట్టి రేణువుల చుట్టూ ఉండే తడిపొరలో మిల్లీమీటర్ల లెక్కన జరుగుతుంది. నేల ఆరితే ఆ పొర తెగుతుంది. సన్న వేర్లు, వాటిని అంటిపెట్టుకుని బతికే శిలీంధ్రం కూడా దెబ్బతింటాయి. ఇక నేలలో భాస్వరం ఉన్నా చెట్టుకు పస్తే.

స్విట్జర్లాండ్‌లో రోన్ నది లోయలో ఫిన్‌వాల్డ్ అనే స్కాట్స్ పైన్ అడవి ఉంది. ఏటా వాన 600 మి.మీ. దరిదాపుల్లో. అక్కడ 2003 నుంచి కొన్ని మళ్లకు స్ప్రింక్లర్లతో దాదాపు అంతే నీళ్లు అదనంగా పెడుతూ వచ్చారు, ఎరువు వేయలేదు. అయినా కొమ్మలు, సూదులు (పైన్ ఆకులు) పొడవు సాగాయి, తలలు గుబురయ్యాయి. రాలిన సూదులు త్వరగా కుళ్లాయి, నేలలోని సూక్ష్మజీవుల తీరే మారింది. నీళ్లు అందితే నేల తన గాదె తనే తెరుస్తుందన్నమాట. అందుకే నా ఓటు ముందు నీటికి.

కుండీ మొక్కయితే మొదటి రెండు మూడు వారాలు ఉత్త నీళ్లే పోయండి. బాగా ఎండిన మట్టి నీటిని పట్టదు. కుండీ అంచు వెంట జారి అడుగునుంచి పోతుంది, పైకి చూస్తే తడిసినట్టే ఉంటుంది. కాబట్టి కుండీని నీళ్ల తొట్టిలో అరగంట ఉంచాలి. తర్వాత మట్టిముద్దను మెల్లగా జార్చి చూడండి. తెల్లటి కొత్త వేరుకొసలు, ఇంగ్లీషు వై ఆకారంలో చీలిన పొట్టి వేర్లు కనిపిస్తే ఎరువుకు వేళయినట్టు. అన్నీ నల్లగా, గిల్లితే పైతోలు ఊడి వస్తుంటే ఇంకా ఆగాలి.

నత్రజని, భాస్వరం, పొటాష్ 19 శాతం చొప్పున ఉండే, నీళ్లలో కరిగే 19-19-19 ఎరువు గ్రాము నాలుగు లీటర్లకు కలిపితే నత్రజని సుమారు 48 పీపీఎం (లీటరుకు 48 మిల్లీగ్రాములు). వారానికోసారి చాలు. మట్టి తడిగా ఉన్నప్పుడే పోయాలి. పొడి మట్టిలో ఆ ఉప్పులు వేరులోని నీటినే బయటికి లాగేస్తాయి. సూదుల కొసలు గోధుమరంగుకు తిరగడం దాని గుర్తు, అప్పుడు రెండు మూడుసార్లు ఉత్త నీళ్లతో కడగాలి.

మోతాదు పెంచితే మరో చిక్కు. నత్రజని ఎక్కువైతే మొక్క వేరును వదిలి ఆకు మీద పడుతుంది, శిలీంధ్రమూ తగ్గుతుంది. ఆకు పెరిగితే నీటి ఖర్చు పెరుగుతుంది. వచ్చే కరువులో మొదట పడిపోయేది అలా పచ్చగా బలిసిన మొక్కే. పొటాష్‌ది వేరే పని. ఆకు రంధ్రాలు తెరుచుకోవడం, మూసుకోవడం దాని చేతిలో ఉంటాయి, కాబట్టి అది లోపించకూడదు.

పెద్ద చెట్లకు ఊహతో ఎరువు వేయకండి. చలికాలంలో తల పైభాగం నుంచి ఆ ఏటి సూదులు కోసి పరీక్షకు పంపండి. స్కాట్స్ పైన్‌కు ఎండు బరువులో నత్రజని 1.2 నుంచి 1.7 శాతం, భాస్వరం 0.1 నుంచి 0.2, పొటాషియం 0.35 నుంచి 1 శాతం మామూలు. ఈ హద్దుల్లో ఉంటే ఎరువు దండగ.

మన తీరంలోని సరుగుడుకు వేసే లెక్క ఇక్కడ పనికిరాదు. చూపుకు పైన్‌లా ఉన్నా సరుగుడు వేరుబుడిపెల్లో గాలి నత్రజనిని పట్టే ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా ఉంటుంది, పైన్‌కు ఆ వసతి లేదు.

ఫలితం అదే ఏడు కనిపించలేదని కంగారుపడి మోతాదు రెట్టింపు చేసేవాళ్లున్నారు. స్కాట్స్ పైన్‌లో కొమ్మకు ఎన్ని సూదులు రావాలో పోయినేటి మొగ్గలోనే తేలిపోతుంది. కరువేడు కట్టిన మొగ్గ చిన్నది, ఈ ఏడు ఎంత మేపినా అందులో లేని సూది రాదు. రెండో ఏడు కొత్త కొమ్మ పొడవును స్కేలుతో కొలిచి, కరువుకు ముందటి ఏటి కొమ్మ పొడవుతో పోల్చి చూడండి.