వితంతువు న్యాయం అడిగింది, సుంకరి దయ అడిగాడు

లూకా సువిశేషం 18వ అధ్యాయం మొదట్లో రెండు కథలు పక్కపక్కనే ఉంటాయి. రెండూ ప్రార్థన గురించే. మొదటి కథలో ఒక వితంతువు, దేవుడంటే భయం లేని, మనుషులంటే లెక్కలేని న్యాయాధిపతి వెంటపడి "నాకు న్యాయం చెయ్యి" అని సతాయిస్తుంది. ఈమె పోరు పడలేకనే చివరికి ఆయన తీర్పు చెబుతానంటాడు. రెండో కథలో ధర్మశాస్త్రాన్ని గట్టిగా పాటించే పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే సుంకరి దేవాలయానికి వెళ్తారు. పరిసయ్యుడు నిలబడి తన మంచితనమంతా దేవుడికి అప్పజెబుతాడు. సుంకరి దూరంగా ఆగిపోయి, కళ్ళు కూడా పైకెత్తకుండా, రొమ్ము బాదుకుంటూ, పాపిని, కనికరించమని ఒక్క ముక్క అంటాడు. దేవుని ఎదుట నీతిమంతుడై ఇంటికి పోయింది ఈ సుంకరేనని యేసు తీర్పు.

2025లో అక్టోబరు 19 ఆదివారం పూజలో వితంతువు కథ చదివారు, 26న సుంకరి కథ. వారం తేడాతో విన్నా, ఈ రెండింటినీ కలిపి ప్రసంగం చెప్పగా నేను పెద్దగా వినలేదు. వితంతువు వారం "విసుగకుండా ప్రార్థించండి" అంటారు. సుంకరి వారం "వినయంగా ఉండండి" అంటారు. అంతటితో విశ్వాస సంగ్రహం మొదలవుతుంది, అందరం లేచి నిలబడతాం.

నాకు ఆ వినయం ప్రసంగం దగ్గరే చిక్కు. మన విచారణల్లో (పారిష్‌లలో) అది ఎవరి చెవిన పడుతున్నదో ఒకసారి చూడండి. వెనక వరుసల్లో చాప మీద కూర్చున్న ఆడవాళ్ళలో సగం మంది ఆరు రోజులు పరాయి చేన్లలో నడుం వంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో మొగుడి ముందు, చేన్లో ఆసామి ముందు, ఆఫీసులో గుమాస్తా ముందు తల వంచుకునే బతుకుతున్నారు. ఆదివారం గుడికొస్తే గురువుగారు కూడా తల వంచమనే చెబుతారు. ఈ కథను యేసు ఎవరికి చెప్పాడో లూకా 9వ వచనంలోనే రాశాడు: తామే నీతిమంతులమని నమ్ముకుని, ఇతరులను చిన్నచూపు చూసేవాళ్ళకు. అంటే ఇది ముందు బెంచీలకు రాసిన ఉత్తరం. మనం దాన్ని తీసుకుపోయి వెనక వరుసలో పంచుతున్నాం.

తెలంగాణలో ఈ తేడా చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్న మాట మన తాతల నోట ఎట్లా వచ్చేదో ఇంటింటికీ తెలుసు. దొర గడీ ముందు నుంచి పోతే చెప్పులు చేతబట్టుకుని పోయిన రోజులవి. ఆ వంగడాన్ని ఎవరూ వినయం అనరు, అది భయం. 1946లో రాజుకున్న సాయుధ పోరాటం 1951 దాకా సాగింది ఆ వంగిన నడుములు నిలబడడానికే. మరుసటి ఏడాదే, 1952 డిసెంబరు 22న, హైదరాబాదు నుంచి విడదీసి వరంగల్ మేత్రాసనాన్ని, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతాన్ని, ఏర్పాటు చేశారు. అప్పటికి చాలా కాలం నుంచే ఈ ప్రాంతంలో పనిచేస్తున్న ఇటలీ 'పీమే' మిషనరీ సంస్థ గురువుల్లో ఒకరైన అల్ఫొన్సో బెరెట్టా మొదటి పీఠాధిపతి అయ్యారు. గడీ ముందు వంగడం అప్పుడప్పుడే మానుకున్న మనుషులు కొత్త మేత్రాసనంలో బలిపీఠం ముందు మోకరించారన్నమాట. ఈ రెండు వంగడాలూ ఒకటే అనుకునే ప్రమాదం ఆనాడే ఉంది, ఇప్పటికీ పోలేదు.

సుంకరి బాంచెన్ మనిషి కానే కాదు. ఆయన గడీ వైపు మనిషి. రోమీయుల ఏలుబడిలో సుంకాల వసూలును గుత్తకు ఇచ్చేవాళ్ళు. పైవాళ్ళకు కట్టాల్సింది కట్టాక ఎంత ఎక్కువ గుంజితే అంతా వసూలు చేసినవాడిదే. స్నాపక యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి మేమేం చేయాలని అడిగితే, నిర్ణయించిన దానికంటే ఎక్కువ తీసుకోవద్దని ఆయన చెప్పిన మాట లూకా 3వ అధ్యాయంలో ఉంది. ఆ ఒక్క జవాబును బట్టే వాళ్ళు ఏం చేసేవాళ్ళో తెలుస్తుంది. మన దగ్గర ఈ బాపతు మనిషి కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. వడ్లు కాంటా పెట్టేటప్పుడు క్వింటాలుకు ఇన్ని కిలోలని తరుగు తీసేవాడు ఎవడో, అతనే. అలాంటివాడు గుళ్ళోకొచ్చి, ఎవరూ నెట్టకుండానే, తనంతట తాను వెనక నిలబడ్డాడు. బలవంతుడు దించిన తల అది. అందుకే అది కథ అయింది. మనకెందుకో ఆ ముక్క జారిపోతుంది.

పరిసయ్యుడి గురించి కూడా ఒక మాట. ఆయన్ని మనం ఊరికే తిడతాం. ధర్మశాస్త్రం అడిగింది ఏడాదికి ఒక్క ఉపవాసం, ప్రాయశ్చిత్త దినాన. ఆయన వారానికి రెండుసార్లు ఉంటున్నాడు. సంపాదించిన అన్నింట్లో పదోవంతు ఇస్తున్నాడు. ప్రార్థనలో ఒక్క అబద్ధం లేదు. ఇలాంటివాళ్ళు నలుగురుంటేనే విచారణ నడుస్తుంది. పండుగకు షామియానా మాట్లాడేది, మైకు సరిచేయించేది, వచ్చిన గురువులకు భోజనాలు చూసేది వాళ్ళే. ఆయన తప్పల్లా ప్రార్థన మధ్యలో కళ్ళు పక్కకు పోవడమే. "ఇదిగో ఈ సుంకరి లాంటివాణ్ణి కాదు" అన్నాడు. దేవుడితో మాట్లాడుతూ పక్కవాడి జాతకం తీశాడు.

ఇది మనకు బాగా అలవాటైన విద్య. వాడల్లో చిన్న క్రైస్తవ సంఘం కూడిన రోజు చూడండి. జపమాల అయ్యాక ఎవరో కళ్ళు మూసుకుని మొదలుపెడతారు: "ప్రభువా, ఈ ఇంటి కోడలికి అత్తమామలను మంచిగ చూసుకునే బుద్ధినియ్యి." మాట దేవుడికి, దెబ్బ కోడలికి. ఆమె అందరితో పాటు "ఆమెన్" అనాలి, జవాబు చెప్పడానికి లేదు. దీన్ని మించిన పరిసయ్య ప్రార్థన యెరూషలేము దేవాలయంలో కూడా జరిగి ఉండదు. గురువుకు పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం గూడు దగ్గర కూడా అంతే: "మా కోడలు నాతోని పాపం చేయిస్తది ఫాదర్" అని మొదలుపెట్టి, లేచేసరికి కోడలి పాపాలన్నీ చెప్పి వచ్చినవాళ్ళున్నారు. సుంకరి అట్లా ఎవర్నీ వెంట తెచ్చుకోలేదు. పైవాడు వసూలు చేయమంటేనే చేశాననలేదు, అందరూ చేసేదే నేనూ చేశాననలేదు.

అక్టోబరు 26న ఆ కథ విన్నాం. 28 రాత్రి మొంథా తుఫాను కోస్తాలో తీరం దాటింది. మర్నాటి వానకు వరంగల్, హనుమకొండ కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. ఆరబోసిన వడ్లు తడిశాయి, చెట్టు మీదున్న పత్తి నల్లబడింది. అలాంటప్పుడు నిజాయితీ గల ప్రార్థన అంటే ఏమిటి? తడిసిన వడ్ల దగ్గర కూలబడ్డ ఆడమనిషికి సుంకరిలా రొమ్ము కొట్టుకో అని చెబితే అది క్రూరత్వం. "నీకు కనవడ్తలేదా దేవుడా" అని ఆమె అరిస్తే, పక్కనున్నవాళ్ళు "అట్లనొద్దు, పాపం తగుల్తది" అని నోరు మూయిస్తారు. ఎందుకు మూయించాలి? 13వ కీర్తన మొదలయ్యేదే "ప్రభూ, ఎంతకాలం నన్ను మరచిపోతావు" అన్న నిలదీతతో. 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటి లేకుండా. సమూయేలు తల్లి హన్నా పెదవులు మాత్రం కదిలిస్తూ ఏడ్చి ప్రార్థిస్తుంటే, యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకుని గద్దించాడు. గద్దించినవాడిది తప్పని తేలింది, ఏడ్చినదానిది కాదు. మన ఆడవాళ్ళు చావు ఇంట్లో శోకాలు పెట్టి ఏడుస్తారు కదా, పోయిన మనిషినీ దేవుణ్ణీ ఒకేసారి నిలదీస్తూ. గుడి గడప దాటగానే ఆ గొంతు మార్చుకోమనడం నాకు నచ్చదు. అది వితంతువు ప్రార్థన. యేసు మెచ్చుకున్న ప్రార్థన.

పూజలో జనం అవసరాలను దేవుడికి విన్నవించే విశ్వాసుల ప్రార్థన ఉన్నది కూడా ఇందుకే. శతాబ్దాల పాటు పూజలో కనుమరుగైన దాన్ని రెండో వాటికన్ మహాసభ 1963 నాటి పూజా సంస్కరణ పత్రంతో తిరిగి తెచ్చింది. ఆ కాసేపట్లో తడిసిన వడ్లూ, మునిగిన కాలనీ పేరు పెట్టి వినబడాలి. అచ్చు పుస్తకంలోని ఐదు వాక్యాలు చదివేసి కూర్చుంటే అవి ఏ ఊరివీ కావు.

అసలు కష్టం ఏమిటంటే, వితంతువూ సుంకరీ వేరువేరు మనుషులుగా దొరకరు. ఒక పత్తి రైతును తీసుకోండి. సరుకు వేసుకుని జిన్నింగు మిల్లుకు పోతాడు. తేమ 12 శాతం దాటితే ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కొనదు. ఎనిమిది దాటితే ధర కోత. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు, కానీ వానకు తడిసినదానికి ఆ అంకె కాగితం మీదే ఉండింది. దళారీ అడిగిన రేటుకు ఇచ్చి వస్తాడు. అక్కడ అతను వితంతువే, న్యాయం అడగాల్సిందే, గట్టిగా అడగాల్సిందే. అదే రైతు అదే చేన్లో పత్తి ఏరిన ఆడవాళ్ళకు కిలోకు ఇంతని కైకిలి ఇస్తాడు. సాయంత్రం గట్టు మీద కాంటా కట్టేది అతనే. ఏరిన మూటలో పచ్చి ఉందనో, ఆకు ఉందనో రెండు కిలోలు కొట్టేసేదీ అతనే. పొద్దున మిల్లు దగ్గర తనకు జరిగిందే పొద్దుమూకి వాళ్ళకు చేస్తాడు. ఆ రాత్రి ఇంట్లో జపమాల చెప్పుకునేటప్పుడు మిల్లు సంగతి మాత్రమే గుర్తుకొస్తుంది. ఎవరిదైనా అంతే. మనం నష్టపోయిన కాంటా గుర్తుంటుంది, మనం పట్టుకున్న కాంటా గుర్తుండదు.

కాబట్టి ప్రార్థనకు మోకరించే ముందు కాంటాకు ఏ వైపు నిలబడి వచ్చామో చూసుకోవాలని నాకనిపిస్తుంది. కింది వైపు నిలబడి వచ్చిన రోజు వితంతువు మాట, పై వైపు నిలబడి వచ్చిన రోజు సుంకరి మాట. తారుమారు చేస్తే రెండూ అబద్ధమే. తరుగు తీసినవాడు న్యాయం కోసం మొరపెడితే ఎంత అసహ్యమో, తరుగు పోయినవాడి చేత క్షమాపణ చెప్పించడమూ అంతే అసహ్యం. కతోలిక సత్యోపదేశం 2559వ పేరా ప్రార్థనకు వినయమే పునాది అని చెబుతుంది, ఈ సుంకరినే చూపిస్తూ. అవిలాపురి పునీత తెరేసమ్మ వినయమంటే సత్యంలో నడవడమేనన్నారు. సత్యంలో నడిస్తే కొన్ని రోజులు తల వంచాలి, కొన్ని రోజులు తల ఎత్తాలి. సాయంకాల ప్రార్థనలో రోజూ పాడుకునే మరియమ్మ స్తుతిగీతంలో దేవుడు అధిపతులను ఆసనాల మీంచి దించి దీనులను లేవనెత్తాడని ఉంది. అందరినీ ఒకే దిక్కుకు తోశాడని లేదు.

సంస్థలు కూడా సుంకరిలా ప్రార్థించగలవు, అరుదుగా. 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారతపై ఒక విధాన పత్రం విడుదల చేసింది. కుల వివక్ష ఘోరమైన సామాజిక పాపమని, అది శ్రీసభ లోపల కూడా ఉందని అందులో ఒప్పుకున్నారు. బయటి సమాజం నుంచి వచ్చిన రోగమని తప్పించుకోలేదు. ఆ కాగితం ఎన్ని విచారణల్లో తెలుగులో చదివి వినిపించారన్నది వేరే సంగతి. ఊళ్ళో ఏ వాడ వాళ్ళు ఏ బెంచీ మీద కూర్చుంటారో, సంబంధాలు ఎక్కడిదాకా పోయి ఆగుతాయో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఒప్పుకున్నాక ఏమిటన్నది లూకా ఈ కథలో చెప్పలేదు. సుంకరి నీతిమంతుడై ఇంటికి పోయాడు, సరే. అతను గుంజిన పైసలు పోగొట్టుకున్నవాళ్ళ సంగతి? దాని జవాబు తరువాతి అధ్యాయంలో ఉంది. యెరికోలో జక్కయ్య, అతనూ సుంకరే, సుంకరుల పెద్ద. సగం ఆస్తి పేదలకు ఇస్తానన్నాడు, ఎవరినైనా మోసం చేసి ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మోసంతో తీసుకున్నదానికి ధర్మశాస్త్రం అడిగింది అసలు, పైన అయిదోవంతు మాత్రమే. జక్కయ్య దగ్గర సుంకరి ప్రార్థన లెక్కల్లోకి దిగింది. సత్యోపదేశం 2412వ పేరా కూడా, కాజేసినది సొంతదారుకు తిరిగి ఇవ్వాలని చెబుతూ జక్కయ్యనే చూపిస్తుంది. పాపసంకీర్తనంలో గురువుగారు విధించే మూడు మంగళవార్త జపాలు ఆ బాకీని తీర్చవు.

మామూలుగా అయితే సుంకరి ఆదివారం తరువాతి ఆదివారమే జక్కయ్య కథ చదువుతారు, 2022లో అట్లాగే చదివారు. 2025లో ఆ ఆదివారం నవంబరు 2 అయింది, సమాధుల పండుగ దానికి అడ్డొచ్చింది. అందరం సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వచ్చాం. జక్కయ్య నవంబరు 18 మంగళవారం పూజకు జరిగాడు. మంగళవారం పొద్దున పూజకు వచ్చేది మఠకన్యలు, నలుగురైదుగురు ముసలివాళ్ళు. పత్తి ఏరేవాళ్ళూ రారు, కాంటా పట్టేవాళ్ళూ రారు. అందుకని ఆ ఏడు వితంతువునూ సుంకరినీ విన్న చాలామందిమి మూడో మనిషిని వినకుండానే క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమనకాలంలోకి పోయాం. అది నవంబరు 30న మొదలైంది, క్రిస్మస్ పాపసంకీర్తనాలకు వరుసలు కట్టేది అప్పుడే. పత్తి ఏరుడు ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఏరినవాళ్ళ లెక్కలో కొట్టేసిన కిలోలుంటే వాళ్ళ వాడ దూరమేం కాదు, వరుసలో నిలబడేలోపే వెళ్ళి ఇచ్చి రావచ్చు.