ఫిలిప్పీనోల జీతం, మనవాళ్ల జీతం

ఫిలిప్పీనోలకు ఇంగ్లిష్ వచ్చు కాబట్టి జీతాలెక్కువ, మనవాళ్లకు రాదు కాబట్టి తక్కువ. దుబాయ్‌లో ఏ క్యాంపులో నలుగురు కూర్చున్నా ఈ మాట వస్తుంది. ఇందులో సగమే నిజం.

ఆ సగం ఏమిటో రోజూ చూస్తున్నాను. మా సైట్‌లో జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. రసమట్టం పెట్టకముందే గోడ ఎటు ఒరిగిందో చెప్పేస్తాడు, కానీ పొద్దున సేఫ్టీ మీటింగ్‌లో ఏం చెప్పారో అర్థం కాకుండానే సంతకం పెట్టి, తర్వాత నా దగ్గరికొచ్చి "అన్నా, గా కాయితంల ఏం రాసిండ్రు?" అని అడుగుతాడు. స్టోర్ నుంచి సామాను కావాలన్నా ఇంగ్లిష్‌లో చీటీ రాయాలి. ఆ చీటీ రాయగలిగినవాడు, ఆయన కంటే పనిలో చిన్నవాడైనా, రెండేళ్లలో సూపర్‌వైజర్ అవుతాడు. ఎక్కువగా అది ఫిలిప్పీనోనే.

వాళ్లకది ఊరికే రాలేదు. 1974 నుంచే అక్కడి బడుల్లో లెక్కలు, సైన్సు ఇంగ్లిష్‌లో, మిగతావి సొంత భాషలో చెప్పే పద్ధతి పెట్టుకున్నారు. ఇవాళ వాళ్ల కాల్ సెంటర్లు, ఆఫీసు సేవల రంగంలో పది లక్షల మందికి పైగా పనిచేస్తున్నారు. అయితే పదిహేనేళ్ల పిల్లల చదువును దేశాలవారీగా పోల్చే పీసా పరీక్షలో, 2018లో, 79 దేశాల్లో, అదే దేశం చదవడంలో అట్టడుగున నిలిచింది. ఇంగ్లిష్ మీడియం బోర్డు పెడితే చదువు వచ్చేస్తుందని మన రెండు రాష్ట్రాల్లో నమ్ముతున్నవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఇక రెండో సగం, ఎవరూ మాట్లాడనిది. విదేశాలకు ఇంటిపనికి వెళ్లే తమ మనిషికి నెలకు 400 డాలర్లకు తగ్గకూడదని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2006లోనే నియమం పెట్టింది. అన్నిచోట్లా అమలైందని కాదు, కానీ బేరం అక్కడి నుంచి మొదలవుతుంది. మన కేంద్రం ఏం చేసింది? 2020లో, కరోనాతో జనం రోడ్డున పడ్డ సమయంలో, గల్ఫ్ కొలువుల కనీస జీతాన్ని తగ్గించి యూఏఈ, ఖతర్ లాంటి చోట్లకు 200 డాలర్లు చేసింది. కార్మిక సంఘాలవాళ్లు కొట్లాడి, తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లాక, 2021లో పాత జీతాలే మళ్లీ పెట్టారు. ఆ జీతం తగ్గింది ఇంగ్లిష్ రాకనా?

అందుకే ఇంగ్లిష్, కనీస జీతానికి ప్రభుత్వం అండ, రెండూ కావాలంటాను. జర్మనీ, జపాన్ వెళ్లే నర్సులకు మన టామ్‌కామ్ (విదేశీ కొలువులకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ) ఆ దేశాల భాషలు నేర్పిస్తోంది, చాలా మంచి పని. అదే శ్రద్ధ జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి బయల్దేరే మేస్త్రీల మీద, ఎలక్ట్రీషియన్ల మీద కూడా పెట్టండి. కొలతలు, సేఫ్టీ మాటలు, సామాను చీటీ, కాంట్రాక్టులో జీతం ఎంత రాశారు, ఓవర్‌టైమ్ లెక్క ఎట్లా, ఇవి చదివి మాట్లాడగలిగితే చాలు. వీసా వచ్చేదాకా ఇంట్లో ఖాళీగా ఎదురుచూసే రోజుల్లో, మండలానికొక చోట సాయంత్రం క్లాసు పెట్టినా నేర్చుకుంటారు.