46 రాడ్లా, 61 రాడ్లా?

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఉన్న మా ఆఫీసుకి అప్పట్లో శుక్రవారం ఒక్కటే సెలవు. 2020 జనవరిలో అలాంటి ఒక శుక్రవారం ఐటీ అతను వచ్చి డ్రాయింగ్ సెక్షన్ కంప్యూటర్లన్నీ మార్చేశాడు. ఆ నెల 14తో విండోస్ 7కి సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి తప్పనిసరి పనే. విండోస్ 10 వేశాడు, డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ కొత్తది వేశాడు, 32 బిట్ ఎక్సెల్ తీసేసి 64 బిట్ ఎక్కించాడు. శనివారం పొద్దున నేను వెళ్లేసరికి తెరమీద అన్నీ కొత్తగా మెరుస్తున్నాయి. నా పని మాత్రం ఆగిపోయింది.

నాది బార్ బెండింగ్ షెడ్యూల్ పని. స్లాబులో, బీములో ఏ సైజు రాడ్లు ఎన్ని కావాలి, ఎంత పొడవు కోయాలి, ఎట్లా వంచాలి, మొత్తం బరువెంత అని పట్టిక చెయ్యడం. కరీంనగర్‌లో ఐటీఐ చదివేటప్పుడు మా సారు బోర్డు మీద రాసిన సూత్రమే ఇక్కడా నడుస్తుంది: డయా (రాడ్ మందం, ఎంఎంలో) స్క్వేర్ బై 162. 16 ఎంఎం రాడ్ అయితే 256ని 162తో భాగించాలి, మీటరుకి 1.58 కిలోలు. (ఆ 162 ఎక్కడిదని అప్పుడు అడగలేదు. స్టీల్ ఘనపు మీటరుకి 7850 కిలోలన్న లెక్కలోంచే వస్తుందని ఇక్కడికొచ్చాక తెలిసింది.)

నాకంటే ముందు ఈ సీట్లో కూర్చున్న త్రిస్సూర్ చేట్టన్ (మలయాళంలో అన్న అని) ఎక్సెల్‌లో ఒక మాక్రో, అంటే పనిని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రామ్, రాసిపెట్టి ఊరెళ్లిపోయాడు. బటన్ నొక్కితే డ్రాయింగ్‌లో ఉన్న రాడ్ల పొడవులన్నీ షీట్‌లోకి వచ్చి పడేవి. తయారైన పట్టిక డేటా లింక్ మీద, అంటే ఎక్సెల్ ఫైల్‌ని డ్రాయింగ్‌కి కలిపే ముడి మీద, మళ్లీ డ్రాయింగ్‌లో కనబడేది. లోపల ఏముందో నేను ఎన్నడూ తెరిచి చూడలేదు.

ఆ శనివారం బటన్ నొక్కితే ఎర్రర్. అదీ 'లెఫ్ట్' అనే ఫంక్షన్ దగ్గర. ఒక మాటలో మొదటి కొన్ని అక్షరాలు తీసి ఇవ్వడం తప్ప ఇంకేమీ చెయ్యని అమాయకపు ఫంక్షన్ అది! ఐటీ అతన్ని అడిగితే మాక్రోలు తన పని కాదన్నాడు. ఆటోక్యాడ్ అమ్మినాయన ఎక్సెల్ సంగతి తనకు తెలియదన్నాడు. ఇంజనీర్ సాబ్ అసలు ఏమైందని కూడా అడగలేదు, షెడ్యూల్ ఎప్పుడిస్తావన్నాడు.

వాట్సాప్ కాల్ ఇక్కడ కలవదు కాబట్టి చేట్టన్‌కి వాయిస్ మెసేజ్ పెట్టాను. రాత్రికి మలయాళం కలిసిన హిందీలో జవాబు వచ్చింది. మాక్రో రాసే కిటికీలో టూల్స్‌లోకి పోయి రిఫరెన్సెస్ తెరవమన్నాడు. మర్నాడు తెరిచి చూస్తే పాత ఆటోక్యాడ్ లైబ్రరీ (మాక్రో ఆటోక్యాడ్‌తో మాట్లాడటానికి వాడే ఫైల్) పేరు ముందు 'మిస్సింగ్' అని ఉంది. మాక్రో ఆ ఒక్క వెర్షన్‌నే నమ్ముకుని రాసిందట. అది కనబడకపోతే దానితో ఏ సంబంధమూ లేని లెఫ్ట్, మిడ్ కూడా మొరాయిస్తాయి. టిక్ తీసేసి, ఏ ఆటోక్యాడ్ తెరిచి ఉంటే దాన్నే పట్టుకునేలా వరుసలు మార్చాలి. అది అయ్యాక ఇంకో గొడవ. విండోస్‌ని నేరుగా పిలిచే 'డిక్లేర్' వరుసలు 64 బిట్ ఎక్సెల్‌లో నడవాలంటే ఒక్కోదానికి 'పీటీఆర్‌సేఫ్' అని తగిలించాలి. డ్యూటీ అయ్యాక కూర్చుని కుస్తీ పడితే వారం పట్టింది.

ఆ వారంలో పని ఆగదు కదా. కొలతలు చూసుకుంటూ అంకెలన్నీ చేత్తో కొట్టాను. సరిగ్గా అప్పుడే కన్సల్టెంట్ ఒక స్లాబులో 16 ఎంఎం రాడ్ల మధ్య దూరాన్ని 200 ఎంఎం నుంచి 150కి తగ్గించాడు. ఎక్సెల్‌లో మార్చాను, సేవ్ చేశాను, డ్రాయింగ్‌లో లింక్ అప్‌డేట్ కొట్టాను, ప్రింట్ తీసి పంపాను.

బుధవారం మధ్యాహ్నం సైట్ నుంచి ఫోన్. మా స్టీల్ ఫోర్‌మన్, ఆర్మూర్ అన్న. దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉంటాడు, నాకంటే చాలా ముందు వచ్చినవాడు.

"తమ్మీ, స్లాబు తొమ్మిది మీటర్లు. రాడ్డు రాడ్డుకు నూటయాభై అని గీసినవ్. మల్ల పట్టికల నలభై ఆరే రాసినవేంది? చివరిదొకటి కలిపి అరవై ఒకటి రావాలె గద."

"లేదన్నా, నేను 61 అనే కొట్టిన."

"కాగితం నా చేతుల ఉంది బిడ్డా."

ఎక్సెల్ తెరిచాను, 61. డ్రాయింగ్ తెరిచాను, 46. ఒళ్లు చల్లబడింది. పాత కంప్యూటర్లో సర్వర్ జడ్ డ్రైవ్. కొత్తదాంట్లో ఐటీ అతను ఎస్ డ్రైవ్ అని పెట్టాడు. లింక్ ఇంకా జడ్ వైపే చూస్తోంది. ఫైల్ దొరక్కపోతే పట్టిక ఖాళీ అయిపోతే బాగుండేది, అలా జరగదు. ఆఖరిసారి తెచ్చుకున్న పాత అంకెలు అలాగే, నిక్షేపంలా నిలబడి ఉంటాయి. దొరకలేదని కింద కమాండ్ లైన్‌లో ఒక వరుస వచ్చి ఉంటుంది, దాన్ని చూసిందెవరు? 15 రాడ్లు, ఒక్కోటి ఆరు మీటర్లు, 142 కిలోల స్టీల్ తక్కువ. అన్న చేత్తో లెక్కేసుకోకపోతే ఆ రాడ్లు అలాగే కట్టేవారు, తనిఖీలో కన్సల్టెంట్ కాంక్రీట్ ఆపేసేవాడు, నాకు మెమో వచ్చేది.

లింకులన్నీ కూర్చుని డ్రైవ్ అక్షరం లేకుండా రిలేటివ్ పాత్‌లోకి, అంటే డ్రాయింగ్ ఉన్న చోటు నుంచి వెతుక్కునేలా, మార్చాను. పట్టిక అడుగున ఒక గడి పెట్టి, సేవ్ చేసిన తారీఖు అందులో దానంతటదే పడేలా మాక్రోలో ఒక వరుస కలిపాను. ఇకమీదట ముందు తారీఖు చూసి, పాతదైతే పక్కన పడెయ్యమని అన్నకి చెప్పాను. ఫిబ్రవరి 1, శనివారం, మొదటి షెడ్యూల్ పోయింది.

గంటలో ఫోన్. "తమ్మీ, గిది జనవరి రెండో తారీఖుది. నెల కిందటి కాగితం. నువ్ చెప్పినట్టే పక్కన పడేసిన. కొత్తది పంపు."

ప్రింట్ చూసుకుంటే 2/1/2020 అని ఉంది. కొత్త విండోస్ అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు వెనక రాస్తోంది. గడిలో నెల పేరు అక్షరాల్లో వచ్చేలా మార్చి, అదే కాగితం మళ్లీ పంపాను.