పాత జీపులోకి టర్బో ఇంజను: మానిఫోల్డ్ దగ్గరే అసలు పని

పాత కమాండర్ జీపులోకి బొలేరో టర్బో డీజిల్ దించాలనుకునేవాళ్లు మౌంటింగుల గురించి, గేర్‌బాక్సు గురించి పదిసార్లు అడుగుతారు. ఇంజను పొగని పోగుచేసి టర్బోకి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. తీరా ఇంజను కూర్చోబెట్టాక టర్బో వెళ్లి ఫ్రేముకో స్టీరింగు రాడ్డుకో ఆనుకుంటుంది. అప్పుడు షెడ్డులో వినపడే మాట ఒకటే: "ఏటౌద్ది గురూ, పైపు ముక్కలెట్టి ఎల్డింగు ఏసేద్దాం."

ఆ మాటకి తలూపకండి. రెండు మూడు మిల్లీమీటర్ల మందం పైపు చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ దాని చివర ఐదారు కిలోల టర్బో వేలాడుతుంటే, ఎర్రగా కాలిన ప్రతిసారీ అతుకు దగ్గర ఒత్తిడి పేరుకుని చివరికి అక్కడే చీలుతుంది. కంపెనీ బీడు (పోత ఇనుము) మానిఫోల్డ్ వికారంగా ఉన్నా బరువు మోస్తుంది. లోపలి ఖాళీ తక్కువ కాబట్టి తక్కువ ఆర్‌పీఎంలోనే టర్బో అందుకుంటుంది. సంత సరుకుతో గుట్టలెక్కే జీపుకి కావలసింది అదే.

తుక్కులో మానిఫోల్డ్ కొనేటప్పుడు రెండు పరీక్షలు అక్కడికక్కడే చెయ్యండి. తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో కొడితే గణగణమనాలి. మొద్దుగా పలికితే ఎక్కడో చీలిక ఉన్నట్టే. తర్వాత మసి గోకి, డీజిల్ పూసి, తుడిచేసి, సుద్దపొడి చల్లండి. చీలిక ఉంటే పావుగంటలో తడి గీతగా బయటపడుతుంది. రెండు పోర్టుల (పొగ వచ్చే రంధ్రాల) మధ్య సన్నని చోటు, టర్బో ఫ్లాంజి (టర్బో బిగించే చదును ముఖం) మూలలు ముందు చూడండి. ఇంటికొచ్చాక హెడ్డు వైపు ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు పట్టీ) ఆనించి, సందు కొలిచే పల్చటి రేకులు, అంటే ఫీలర్ గేజ్, దూర్చండి. 0.1 మి.మీ. వరకు ఫరవాలేదు. అది దాటితే సర్ఫేస్ గ్రైండింగుకి ఇవ్వండి. ఆకురాయితో సాపు చేస్తామంటే ఒప్పుకోకండి, అంచులు జారిపోతాయి.

ఇక మార్చడం. మొదట చూడాల్సింది మానిఫోల్డ్‌ని తలకిందులు చేస్తే సరిపోతుందా అని. పోర్టులు, స్టడ్లు (తల లేని బోల్టులు) నడిమి గీతకి రెండు వైపులా సమానంగా ఉన్న ఇంజన్లలో కింద వేలాడే టర్బో ఇలా పైకి వచ్చేస్తుంది. ఖర్చు రెండు ప్యాకింగులే. అట్ట మీద ప్యాకింగు అచ్చు గీసి తిరగేసి చూడండి, రెండు నిమిషాల పని. కుదిరితే టర్బోని కూడా తిప్పాలి. ఆయిలు పైపులు, రబ్బరు పైపులు ఎటు వస్తాయో అప్పుడే చూసుకోవాలి.

కుదరకపోతే మానిఫోల్డ్‌కి, టర్బోకి మధ్య అడాప్టర్ ప్లేటు. 12 నుంచి 16 మి.మీ. మైల్డ్ స్టీలు తీసుకోండి. "తుప్పు పట్టదు కదా" అని స్టెయిన్‌లెస్ వెయ్యకండి. వేడికి 304 స్టెయిన్‌లెస్ బీడు కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది. రెండూ కలిసి బిగిస్తే ప్లేటు వంగడమో బోల్టు తెగడమో తప్పదు. మైల్డ్ స్టీలు బీడుతో ఇంచుమించు సమానంగా సాగుతుంది. ప్లేటుకి ఒక వరస రంధ్రాలు మానిఫోల్డ్‌కి, అందులోకి తల దిగిపోయే అలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి). ఇంకో వరస ట్యాప్ కొట్టి (లోపల మర కోసి) టర్బో స్టడ్లకి. టీ25 సైజు టర్బో ఫ్లాంజికి 8 మి.మీ. స్టడ్లు, టీ3 సైజుకి 10. బోల్టు తల ప్లేటు ముఖానికి అర మిల్లీమీటరు కిందే ఉండాలి. రెండు వరసలూ ఒకదానిమీదొకటి పడుతుంటే టర్బోని కొంచెం తిప్పి రంధ్రాలు గీయండి. మధ్య దారిని ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారానికి ఏటవాలుగా గ్రైండ్ చెయ్యాలి, మెట్టు ఉండకూడదు.

చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. ఆ అలెన్ బోల్టులు టర్బో కింద దాక్కుంటాయి. వేడికి అవి పట్టు వదిలితే మళ్లీ బిగించాలంటే టర్బో విప్పాలి. అందుకని తొలిసారి బాగా వేడెక్కించి, పూర్తిగా చల్లారాక టర్బో దించి, ఆ బోల్టుల్ని మళ్లీ బిగించి, తల అంచున చిన్న టాక్ (వెల్డింగు చుక్క) పెట్టి, అప్పుడు టర్బో ఎక్కించండి. ఒక పూట పోతుంది, కానీ వదలొద్దు.

మానిఫోల్డ్‌ని కోసి అతకడం చివరి దారి. కోయాల్సొస్తే 55 శాతం నికెల్ రాడ్డే వాడండి, మామూలు రాడ్డు వేస్తే అతుకు పక్కన బీడు పెళుసెక్కి చిట్లుతుంది. ముక్కనంతా 300 డిగ్రీల దాకా ముందే వేడి చెయ్యాలి. అంగుళం మించకుండా అతుకు, వెంటనే సుత్తితో మెల్లగా తట్టడం, మళ్లీ అంగుళం. అయ్యాక గాలికి వదిలేస్తే పని మొత్తం పాడు. మన దగ్గర రైసు మిల్లుల్లో ఊక బూడిదకి కొదవ లేదు. పొడి బూడిద డ్రమ్ములో పాతిపెట్టి మర్నాడు తియ్యండి. ముఖం గ్రైండింగు అతుకు తర్వాతే, ముందు చేయించి లాభం లేదు.

ఇక వ్యాకోచం లెక్క. బీడు మీటరుకి, డిగ్రీకి సుమారు 11 మైక్రాన్లు సాగుతుంది. 400 మి.మీ. మానిఫోల్డ్ 600 డిగ్రీలు వేడెక్కితే 2.6 మి.మీ. పెరుగుతుంది. హెడ్డు నీటితో చల్లబడుతుంది కాబట్టి అర మిల్లీమీటరు కూడా పెరగదు. ఆ తేడా రెండు చివరలకీ పంచుకుంటే ఒక్కో వైపు మిల్లీమీటరు పైనే. నడిమి రంధ్రాలు 8 మి.మీ. స్టడ్డుకి 9 ఉంటే చాలు. చివరి రంధ్రాలు పొడవు దిక్కున 10.5 దాకా వెడల్పు చెయ్యాలి, పైన మందపాటి వాషరు వెయ్యాలి. చివరి స్టడ్డే ఎందుకు తెగుతుందని అడిగేవాళ్లకి ఇదే జవాబు.

నైలాక్ నట్లు వద్దు, నైలాన్ కరిగిపోతుంది. రాగి పూత నట్లు, మరలకి, అవి పట్టేయకుండా, నికెల్ యాంటీసీజ్ ముద్ద. 8 మి.మీ. స్టడ్డుకి 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, మధ్య నుంచి చివరలకి బిగించాలి. కళింగపట్నం, భావనపాడు ఉప్పుగాలిలో తిరిగిన బండి స్టడ్లయితే విప్పినవి మళ్లీ వాడకండి. టర్బోకి ముందు ఎక్కడా సిలికాన్ పుయ్యకూడదు. అది కాలి ఊడి టర్బైన్ రెక్కల్లోకి పోతుంది.

ప్లేటు మందం వల్ల టర్బో 12 మి.మీ. జరిగిందంటే ఆయిలు దిగే పైపు కూడా జరిగిందన్నమాట. అది నిలువుకి 30 డిగ్రీల లోపే ఉండాలి, ఎక్కడా వంపు కిందకి దిగి మళ్లీ పైకి లేవకూడదు, సంపులో (ఇంజను కింది ఆయిలు తొట్టిలో) ఆయిలు మట్టానికి పైనే కలవాలి. లేకపోతే ఆయిలు టర్బోలో నిలిచి, సీళ్లు దాటి, నీలం పొగ వస్తుంది. టర్బో పోయిందని కొత్తది కొంటారు పాపం. సైలెన్సర్ పైపులో టర్బో దగ్గరే ఫ్లెక్సిబుల్ బెల్లో (మడతల వంగే పైపు ముక్క) పెట్టండి. ఇంజను ఊగితే ఆ ఊపు మానిఫోల్డ్ మీద పడకూడదు.

కాగితాల మాట: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజను మార్చే ముందే ఆర్టీవో అనుమతి కావాలి. ఆర్‌సీలో ఇంజను నంబరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కు తప్పదు.

పరీక్షకి సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కడం కన్నా మంచిది లేదు. ఊళ్లో తిరిగితే మానిఫోల్డ్‌కి అంత వేడే పుట్టదు. ఎక్కాక టీకి ఆగి వెంటనే ఇంజను ఆపేయకండి, రెండు నిమిషాలు స్లోలో ఉంచండి, లేకపోతే టర్బో బేరింగు దగ్గర ఆయిలు మాడి గడ్డకడుతుంది. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి ప్రతి పోర్టు చుట్టూ టార్చి వెయ్యండి. నల్లటి మసి గీత కనిపిస్తే ముందు ఆ పక్క నట్టు చూడండి. అది బిగువుగానే ఉంటే ముఖం వంగింది, మళ్లీ గ్రైండింగుకే.