కషాయం మానేశాక

మెడ పక్కన గడ్డ తేలితే పిప్పిపన్ను వాపనుకుని నెల రోజులు ఊరుకున్నాను. బయాప్సీలో లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అని తేలింది. 21 రోజులకొకటి చొప్పున ఆరు కీమోలన్నారు. అందులో ఒక మందు ఎర్రగా ఉంటుంది. అది ఎక్కిన రోజు మూత్రమూ ఎర్రగానే వస్తుంది. నర్సమ్మ ముందే చెప్పకపోతే హడలిపోయేవాణ్ణి.

రెండో కీమోకి జుట్టంతా ఊడింది. నన్నలా చూసి మా మేనత్త తట్టుకోలేకపోయింది. కడియం నుంచి లక్ష్మణఫలం మొక్క, ఎవరి దొడ్లోంచో సంచీడు ఆకులు పట్టుకొచ్చింది. "కాయ కాసేదాకా ఆగుతామేంట్రా, ఆకు మరిగించి తాగు. కీమో కంటే పది వేల రెట్లు బలమంట" అంది. వాట్సాప్‌లో వచ్చింది మరి. రోజూ పరగడుపున గ్లాసుడు తాగేవాణ్ణి, డాక్టరుకి చెప్పకుండా. మా బావ పంపిన యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూళ్ళు అదనం.

నాలుగో కీమో నాటికి వేళ్ళు మొద్దుబారాయి. చొక్కా గుండీ వేళ్ళ మధ్య ఉందో జారిపోయిందో చూస్తే తప్ప తెలిసేది కాదు. ఆ టెన్షన్‌లో కషాయం సంగతి బయటపెట్టేశాను.

డాక్టరుగారు తిట్టలేదు. "మీకెక్కిస్తున్న విన్‌క్రిస్టిన్ కూడా మొక్క మందేనండి, బిళ్ళగన్నేరులోది. నరాల్ని ఇలా చేసేది అదే. అందుకే ఒక్కసారికి 2 మిల్లీగ్రాములు దాటనివ్వం. మీ గ్లాసులో ఏది ఎంతుందో ఎవరికి తెలుసు?" అన్నారు. పది వేల రెట్లన్నది ల్యాబ్‌లో పెంచిన కణాల మీద లెక్కట. ఆకులోని అనోనసిన్ అనే పదార్థం కణానికి శక్తి అందకుండా చేస్తుంది. అది క్యాన్సర్ కణమా, నరం కణమా అని చూడదు. కరీబియన్‌లోని గ్వాదెలూప్ దీవిలో ఆ పండూ, ఆకు టీ బాగా వాడేవాళ్ళలో ఒళ్ళు వణికి, బిగుసుకుపోయే పార్కిన్సన్స్ లాంటి జబ్బు కనిపిస్తోందని 1999లోనే వైద్య పత్రికలో రాశారు. క్యాప్సూళ్ళూ ఆపమన్నారు. కొన్ని కీమో మందులు ఆక్సీకరణతోనే క్యాన్సర్ కణాన్ని దెబ్బతీస్తాయట, ఆక్సీకరణని ఆపే క్యాప్సూళ్ళతో దానికి మనమే అడ్డుపడడం ఎందుకని. ఉసిరిలోనూ యాంటీ ఆక్సిడెంట్లే కదా, మరి ఉసిరికాయ పచ్చడో? "అన్నంలోకి తినండి" అన్నారు. ప్రాణం లేచొచ్చింది.

విన్‌క్రిస్టిన్ డోసు తగ్గించారు. వేళ్ళ పాపం సూదిదా, కషాయానిదా అంటే విడదీసి చెప్పలేను; అనుమానం సూది మీదే ఎక్కువ. బిళ్ళగన్నేరు మా గుమ్మం పక్కన ఏళ్ళ తరబడి పూస్తోంది, దాన్ని మాత్రం ఎవరూ మరిగించి తాగమనలేదు. నయం, అది విషం.

ఆఖరి కీమో తర్వాత పెట్ స్కాన్ శుభ్రంగా వచ్చింది. గుండీలు సొంతంగా పెట్టుకోవడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. కాలి బొటనవేలు ఇప్పటికీ మొద్దే. లక్ష్మణఫలం మొక్క నడుమెత్తు పెరిగింది. అత్త వచ్చినప్పుడల్లా దానికి చెంబుడు నీళ్ళు పోస్తుంది. ఆకు మాత్రం తుంచదు.