బాపు గోలీల డబ్బా

స్టెంట్ వేసి ఇంటికి పంపిన మూడో రోజు పొద్దున, నల్లా దగ్గర ముఖం కడుక్కుంటూ బాపు అట్లనే కూలబడ్డాడు. మళ్ళీ గుండె అనుకున్నాం. పరకాలలో మా డాక్టర్ గారు చూస్తే బీపీ 90/60.

హన్మకొండలో ఆపరేషన్, బిల్లు, డిశ్చార్జి అన్నీ సాఫీగానే అయిపోయాయి.

"ఇంట్లో ఉన్న గోలీలన్నీ పట్రా" అన్నారు డాక్టర్ గారు. బిస్కెట్ల డబ్బా తెచ్చి టేబుల్ మీద కుమ్మరించాను. ఆయన రెండు షీట్లు తీసి వెనక్కి తిప్పి, సన్న అక్షరాల మీద వేలు పెట్టారు. రెండింటి మీదా టెల్మిసార్టన్ 40, బీపీ గోలీ. ఒకటి ఐదేళ్ళుగా ఆయన రాస్తున్నది, రెండోది హాస్పిటల్ వాళ్ళది. పైపేర్లే వేరు. దానికి తోడు కొత్తగా మెటోప్రొలాల్ కూడా, అదీ బీపీ తగ్గించేదే.

"ఈ సార్ ఇచ్చింది ఆపుమని ఆ సార్ చెప్పలే గద బిడ్డా" అన్నాడు బాపు.

నిజమే. నాలుగు పేజీల డిశ్చార్జి సమ్మరీలో పాత మందుల గురించి ఒకటే ముక్క: మిగతావి మామూలుగా వాడాలి. ఏవా మిగతావి? షుగర్ గోలీ ఊసే లేదు. డాక్టర్ గారు హాస్పిటల్ నంబర్‌కు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. పాత బీపీ గోలీ ఆపించి, మిగతాది వాళ్ళతోనే రాయించుకు రమ్మన్నారు.

మళ్ళీ హన్మకొండ పోతే, కౌంటర్ దగ్గర అమ్మాయి కొత్త ఓపీ చీటీ తీసుకోమంది. ఒక్క మాట అడగడానికి ఐదువందలు! కట్టాను. మూడు గంటలు కూర్చున్నాక డ్యూటీ డాక్టర్, నా కొడుకు వయసుంటుంది, కాగితం చేతిలోకి కూడా తీసుకోకుండా "అంతా రాసే ఉంది. చదువుకున్నోళ్ళే కదా మీరు?" అన్నాడు. బెంచీల మీద వాళ్ళంతా నా వైపు తిరిగారు. ఇరవై ఏళ్ళుగా పదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. నా దగ్గర చదివినవాళ్ళలో ముగ్గురు డాక్టర్లు. నోరు పెగల్లేదు.

చివరికి ఒక సిస్టరమ్మే జాలిపడి ఫైలు తెరిచింది. చేర్చుకున్న రోజు కాగితంలో పాత మందులు అన్నచోట "లేవు" అని ఉంది. అర్ధరాత్రి కంగారులో డబ్బా ఇంట్లోనే మరిచింది నేనే, ఒప్పుకుంటాను. కానీ తెల్లారినంక ఒక్కరైనా అడగొద్దా? చేరేటప్పుడు నా ఫోన్‌కొచ్చిన ఓటీపీ అడిగి మరీ 14 అంకెల ఆభా నంబర్ తీశారు, మన వైద్యం కాగితాలన్నీ ఫోన్‌లో ఒకచోట దొరకడానికట. యాప్ తెరిస్తే ఒక్క కాగితం లేదు.

సిస్టరమ్మే పెద్ద డాక్టర్‌తో మూడు లైన్లు రాయించి ముద్ర వేయించింది: పాత టెల్మిసార్టన్ బంద్, షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ వాడాలి, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మేం చెప్పేదాకా ఆపొద్దు. మీరైతే ఇంటికి బయలుదేరక ముందే ఇవి రాయించుకోండి: ఏది కొత్తది, ఏది ఆపాలి, ఏది మారింది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే గోలీలు మాత్రం సొంతంగా ఆపకండి, స్టెంట్ మూసుకుపోవచ్చు. ఫైలు కాపీ ఇవ్వడానికి వాళ్ళు గొణిగితే, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ రూల్ ఉంది, ఆ మాట గట్టిగానే అనండి.

జిరాక్స్ ఒకటి పరకాల డాక్టర్ గారికి ఇచ్చాను. పాత షీటు మాత్రం పైసలు పెట్టి కొన్నదని బాపు పారేయనివ్వలేదు. నిన్న ఆయన దిండు కింద దొరికింది. లెక్కపెట్టాను. పదకొండు. తగ్గలేదు.